ట్రాక్టరు చక్రాల తుప్పు - దానిని వదిలించి రంగు వేసే విధానం

(రైతుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ట్రాక్టరు ఇంజనుకు నూనె మార్చవలసిన రోజు మనలో చాలమందికి గుర్తుంటుంది. బ్యాటరీలో నీరు చూస్తాము. డీజిలు జల్లెడ మారుస్తాము. కాని చక్రం దగ్గరకు వచ్చేసరికి గాలి ఉన్నదా లేదా అని కాలితో తన్ని చూడడంతో మన పరీక్ష ముగుస్తుంది. టైరు రబ్బరు గూర్చి బెంగ పెట్టుకున్నంతగా ఆ టైరును మోసే ఇనుప రిమ్మును గూర్చి పెట్టుకోము. రిమ్ముకు తుప్పు పట్టితే ఏటా సంక్రాంతికి ఒక డబ్బా రంగు పూసి, బండి కొత్తదైనదని సంతోషిస్తాము. ఈనాడు నేను మీతో ముచ్చటించదలచినది ఈ తుప్పును గూర్చి. దానిని ఇంటి వద్ద మనమే ఎట్లు వదిలించవచ్చు, ఎప్పుడు షాపుకు పంపవలెను, ఏ చక్రానికి అసలు రంగు వేయరాదు అన్న మూడు సంగతులు చెబుతాను.

ముందుగా ఒక్క మాట. చక్రానికి రంగు వేయడం ఈ పనిలో చిట్టచివరిది, అన్నిటికంటె తేలికైనది. అసలు పని టైరు మాటున, మన కంటికి కనిపించని చోట ఉన్నది. బయట మెరిసే చక్రం లోపల పెచ్చులు కట్టి ఉండవచ్చు. నష్టం చేసేది ఆ లోపలి తుప్పే.

ఇనుముకు తుప్పు పట్టడానికి రెండే కావలెను: తేమ, గాలి. ఈ రెండిటికి ఉప్పు తోడైతే పని చాల త్వరగా జరుగుతుంది. అల్యూమినియం పాత్ర మీద పట్టే పొర గట్టిగా అంటుకొని లోపలి లోహాన్ని కాపాడుతుంది. ఇనుము తుప్పు అట్లు కాదు. అది గుల్లగా ఉంటుంది, తేమను పీల్చి పట్టి ఉంచుతుంది, కింద ఇంకొక పొర తయారవుతూనే ఉంటుంది. పైగా తుప్పు తాను తిన్న ఇనుము కంటె రెట్టింపునకు మించిన చోటు ఆక్రమిస్తుంది. అందువలననే తుప్పు మీద రంగు పూస్తే అది కొద్ది నెలలలో బొబ్బలెక్కి పెచ్చులుగా ఊడిపోతుంది. రంగు మంచిది కాదని దుకాణదారుని తిట్టి లాభం లేదు. రంగు అంటుకున్నది ఇనుముకు కాదు, తుప్పుకు. తుప్పు ఊడితే దానితో పాటు రంగూ ఊడుతుంది.

మన తాతల నాటి ఎడ్లబండి చక్రానికి చుట్టూ ఇనుప పట్టా ఉండేది. దానికి ఎవరూ రంగు వేసి ఎరుగరు. రోజూ రాళ్ల బాట మీద ఒరుసుకొని అది అద్దంలా ఉండేది. ట్రాక్టరు రిమ్ముకు ఆ భాగ్యం లేదు. అది దమ్ములో మోకాటి లోతు బురదలో నాని, అట్లే షెడ్డులో నిలబడుతుంది. బురద రిమ్ము అంచుకూ టైరుకూ మధ్య సందులో దూరి, ఎండినా లోపల చెమ్మ విడువదు. గోదావరి, కృష్ణా డెల్టాలలో సార్వా, దాళ్వా రెండు పంటలకూ దమ్ము చేసే బండ్ల రిమ్ములు మెట్ట ప్రాంతపు బండ్ల రిమ్ముల కంటె ముందుగా పాడగుటకు కారణం ఇదే.

నేల తేమకు తోడు ఎరువులున్నవి. ట్రాలీలో యూరియా, పొటాషు బస్తాలు తెస్తాము. చిరిగిన బస్తా నుండి రాలిన గుళికలు ట్రాలీ సందులలో నుండి చక్రాల మీద పడతాయి. పొటాషు అంటే పొటాషియం క్లోరైడు. మనం కూరలో వేసే ఉప్పుకు అది తోబుట్టువు వంటిది. గాలిలోని తేమను పట్టి ఇనుము మీద ఉప్పునీటి పూత వేస్తుంది. ఇక రొయ్యల చెరువుల వద్దకు మేత, సున్నం తోలే బండ్ల మాట చెప్పనక్కరలేదు. ఉప్పునీటి గట్ల మీద తిరిగిన చక్రాన్ని ఆ సాయంత్రమే మంచినీటితో కడుగకపోతే ఏ రంగూ దానిని కాపాడలేదు.

మరొక కారణం మనం స్వయంగా నింపేది. బరువు కోసం వెనుక టైర్ల ట్యూబులలో నీరు పోయిస్తాము. చలిదేశాలలో ఆ నీరు గడ్డకట్టకుండ కాల్షియం క్లోరైడు అనే లవణం కలుపుతారు. అది ట్యూబు నుండి కారితే రిమ్మును తినివేస్తుంది. మన మైదాన జిల్లాలలో నీరు గడ్డకట్టే భయం లేదు గనుక ఏ లవణమూ కలుపనవసరం లేదు. మంచినీరు చాలును. బోరునీరు ఉప్పగా ఉండే గ్రామాలలో చెరువు నీరో, కాలువ నీరో తెచ్చి పోయించవలెను. అయినను వాల్వు వద్ద చెమర్చే నీటిని ఉపేక్షించకండి. రిమ్ములో వాల్వు రంధ్రం చుట్టూ తుప్పు మొదలగుటకు అదే మూలం.

ఈ తుప్పు వలన పోయేదేమిటి, చూడడానికి బాగుండకపోవడమే గదా అని మీరు అనవచ్చును. ఒక రైతు సంగతి చెబుతాను, ఊరూ పేరూ అవసరం లేదు. నాట్ల రోజులలో ఆయన బండి వెనుక చక్రం పక్షం రోజులలో మూడుసార్లు పంచరైనది. ప్రతిసారి ముల్లు కోసం టైరంతా వెదికారు, ముల్లు దొరకలేదు. ట్యూబు మార్చారు, కొత్త ట్యూబూ పోయింది. చివరకు పంచరు షాపు కుర్రవాడు ట్యూబు చిల్లి బయటివైపు కాక రిమ్ము వైపు ఉన్నదని గమనించాడు. టైరు పూర్తిగా విప్పి చూస్తే రిమ్ము లోపల వేలి గోరంత తుప్పు పెచ్చులు కత్తి అంచుల వలె లేచి ఉన్నవి. బయట మాత్రం ఆ రిమ్ముకు ఆ సంవత్సరమే వేసిన రంగు నిగనిగలాడుతున్నది. ఆ పక్షం రోజులు కూలీలు, నారు, నీరు అన్నీ ఆ చక్రం కోసం ఆగినవి. కావున పంచరు పడినప్పుడు చిల్లి ఏ వైపున ఉన్నదో అడిగి తెలుసుకోండి. రిమ్ము వైపు ఉంటే ట్యూబుకు అతుకు వేయించి ఊరుకోరాదు.

ట్యూబు పోతే డబ్బు పోతుంది. ట్రాలీ చక్రం విరిగితే మనుషులు పోతారు. ఇది ఇంకా ముఖ్యమైనది. కావున తుప్పు గీకడానికి ముందు ఆ చక్రం రంగుకు అర్హమైనదా కాదా అని తేల్చవలెను.

చక్రాన్ని శుభ్రంగా కడిగి, ఆరిన తరువాత మంచి వెలుతురులో చూడండి. ముఖ్యంగా నట్లు బిగించే రంధ్రాల చుట్టూ చూడవలెను. రంధ్రం గుండ్రంగా కాక కోడిగ్రుడ్డు ఆకారంలో సాగి ఉంటే ఆ చక్రం చాలకాలం వదులు నట్లతో తిరిగినదని అర్థం. ఆ డిస్కు పనికిరాదు. రంధ్రం నుండి చుక్క గీచినట్లు ఎర్రని తుప్పు చార బయటకు పోతూ ఉంటే అక్కడ నట్టు వదులైనదో, సన్నని పగులు ఉన్నదో రెండిటిలో ఒకటి. డిస్కును రిమ్ముకు అతికిన వెల్డింగు గీత వెంబడి కూడ ఇట్లే చూడండి. తుప్పును తీగబ్రష్షుతో తోమిన పిదప పగులు కంటికి కనపడుతుంది. అనుమానం ఉంటే అక్కడ సన్నని నూనె రాసి, తుడిచి, పైన సున్నపు పొడి చల్లండి. పగులు ఉంటే లోపలికి దిగిన నూనె పొడి మీద గీత వలె పైకి వస్తుంది. ఇది పల్లెలో ఎవరైనా చేయగల పరీక్ష. అయితే గీత రాకపోయినంత మాత్రాన పగులు లేదని పూర్తిగా నమ్మరాదు.

రిమ్ము అంచును వేలితో తడిమి మందం చూడండి. ఒకవైపు బాగున్న చోటికీ తుప్పు తిన్న చోటికీ తేడా వేలికే తెలుస్తుంది. అంచు కత్తి వలె పలుచబడినా, రిమ్ము లోపల చిల్లి పడినా, లోతైన గుంటలు పక్కపక్కన చేరినా ఆ రిమ్మును పాత ఇనుముకు వేయవలసినదే. పగిలిన చక్రానికి వెల్డింగు పెట్టించి మళ్లీ రోడ్డెక్కించడం మన ఊళ్లలో బాగా వాడుకలో ఉన్నది. దానిని నేను సమర్థించను. వెల్డింగు వేడికి ఆ ఇనుము గుణం మారుతుంది, పగులు ఆ పక్కనే మళ్లీ వస్తుంది. చెరకు, ధాన్యం, అంతకంటె ఎక్కువగా పెండ్లి జనాన్ని ఎక్కించుకునే ట్రాలీకి అట్టి చక్రం తగదు. ట్రాలీ మీద జనాన్ని తీసుకొనిపోవడమే తప్పు, దానికి తోడు అతుకుల చక్రం కూడనా?

చక్రం మంచిదని తేలిన తరువాత దానిని విప్పే పని. బండిని గట్టి నేల మీద నిలిపి, మిగిలిన చక్రాలకు ముందూ వెనుకా రాళ్లు అడ్డం పెట్టండి. నట్లను చక్రం నేల మీద ఉండగానే కొంచెం సడలించి, అటుపిమ్మట జాకీ ఎత్తవలెను. ఎత్తిన బండిని జాకీ మీదనే వదలరాదు, కింద గట్టి కొయ్యదిమ్మెలు పేర్చవలెను. వెనుక చక్రంలో నీరున్నట్లయితే ముందు నీరు తీయించండి. మధ్యరకం ట్రాక్టరు వెనుక టైరులో నూరు లీటర్లకు మించి నీరు పడుతుంది. అంత బరువు ఒరిగితే ఇద్దరు మనుషులు ఆపలేరు. వాల్వు పిన్ను తీసి గాలి పూర్తిగా పోయిన తరువాతనే టైరు విప్పడానికి లీవరు పెట్టవలెను.

ఇక్కడ ఒక హెచ్చరిక, ఇది మరువకండి. టైరు ఎక్కి ఉన్న రిమ్ముకు వెల్డింగు గాని, గ్యాసు మంట గాని తగిలించరాదు. బిగిసిన నట్టును వదులు చేయడానికి కూడ మంట పెట్టరాదు. గాలి తీసివేసినాము గదా అని కొందరు ధైర్యం చెబుతారు. వేడికి లోపలి రబ్బరు మాడి మండే వాయువులు పుడతాయి, అవి అంటుకొని టైరు బాంబు వలె పేలుతుంది. వాల్వు పిన్ను తీసివేసినా ఈ ప్రమాదం తప్పదు. ఇట్లు పేలిన టైరు వలన ప్రాణాలు పోయిన సంగతులు అనేక దేశాలలో నమోదైనవి. టైరు పూర్తిగా ఊడదీసిన రిమ్ము వద్దకే మంట రావలెను.

ట్రాలీ చక్రాలలో కొన్నిటికి లాకు రింగు ఉంటుంది. దానిని విప్పి బిగించడం తెలిసినవాడే చేయవలసిన పని. తుప్పు పట్టిన రింగు సరిగా కూర్చోక గాలి పట్టేటప్పుడు ఎగిరి తల పగులగొట్టగలదు. అట్టి చక్రాన్ని టైరు షాపుకు తీసుకొనిపోయి, వారి ఇనుప పంజరంలో పెట్టి గాలి పట్టించుకోండి.

ఇక ఇంటి వద్ద చేసే పని. దీనికి అనువైన కాలం దాళ్వా కోతలైన తరువాత, సార్వా దుక్కులకు ముందు. బండికి అప్పుడు తీరిక, గాలిలో తేమ తక్కువ. రిమ్మును సబ్బునీటితో కడిగి, గ్రీజు మరకలుంటే థిన్నరు తడిపిన గుడ్డతో తుడువవలెను. గ్రీజు వదలకుండ తుప్పు గీకడం మొదలుపెడితే బ్రష్షు ఆ గ్రీజును రిమ్మంతా పులుముతుంది.

పాత పెచ్చులను మొదట మొండి ఉలితో, గీకుడు బద్దతో రాల్చి, తరువాత తీగబ్రష్షు పట్టవలెను. గ్రైండరుకు తగిలించే తీగ గిన్నె ఉంటే పని పది రెట్లు త్వరగా జరుగుతుంది. కాని దాని తీగలు ఊడి సూదుల వలె ఎగురుతాయి. కంటికి అద్దాలు లేకుండ ఆ పని చేయరాదు, పంచె కొంగు, తువ్వాలు దానికి చేరువలో ఉండరాదు. రాయి చక్రంతో తుప్పును నలుగగొట్టడం మంచిది కాదు. అది తుప్పుతో పాటు మంచి ఇనుమునూ తినివేస్తుంది. అంచుల వద్ద, టైరు కూర్చుండే గాడిలో ఎక్కువ ఓపిక పట్టండి. అక్కడ నున్నగా చేయి జారవలెను. చివరగా ఉప్పుకాగితంతో రుద్దవలెను.

చాల పాత బండ్ల రంగులో సీసం ఉండే అవకాశం ఉన్నది. ఆ రంగు పొడి పిల్లలకు విషం. కావున పాత రంగును గీకేటప్పుడు నీటితో తడుపుతూ గీకండి. పని వాకిలిలో కాక దూరంగా, కింద పాత పట్టా పరచి చేయండి. రాలిన పొడిని కోళ్లు తిరిగే చోట పారవేయకుండ మూటకట్టి తీసివేయండి. ముక్కుకు మంచి మాస్కు కట్టుకోవలెను. పని ముగిసిన వెంటనే బట్టలు విడిచి స్నానం చేయండి.

ఎంత గీకినా గుంటలలో కొంత తుప్పు మిగులుతుంది. దానికి కొందరు మరుగుదొడ్డి కడిగే యాసిడు పోస్తారు. పోయగానే బుసబుస పొంగి ఇనుము తెల్లగా తేలుతుంది. చూడడానికి బాగానే ఉంటుంది. కాని అది హైడ్రోక్లోరికు యాసిడు. దాని క్లోరైడు గుంటలలో మిగిలిపోయి, రంగు కింద నుండి మళ్లీ తుప్పును పుట్టిస్తుంది. ఒక్క వానాకాలం గడువదు. దాని ఆవిరి షెడ్డులో ఉన్న ఇతర పనిముట్లకూ తుప్పు పట్టిస్తుంది. దానిని వాడవద్దు.

దానికి బదులు ఫాస్ఫారికు యాసిడుతో చేసిన తుప్పు మందులు రంగుల దుకాణాలలో దొరుకుతాయి. ఈ మందు తుప్పుతో కలిసి ఐరను ఫాస్ఫేటు అనే పొరగా మారి ఇనుమును అంటిపెట్టుకుంటుంది, రంగుకు మంచి పట్టు ఇస్తుంది. ఇందులో వింత ఒకటి చెబుతాను. ఢిల్లీలో కుతుబ్ మీనారు ఆవరణలో ఉన్న ఇనుప స్తంభాన్ని మీలో కొందరు చూచి ఉంటారు. సుమారు 1600 ఏండ్లుగా ఎండకూ వానకూ నిలిచి ఉన్నది. దానిలోని ఇనుములో భాస్వరం పాలు ఎక్కువ. ఆ భాస్వరం వలననే స్తంభం మీద ఫాస్ఫేటు పొర ఒకటి ఏర్పడి దానిని కాపాడుతున్నదని కాన్పూరు ఐ.ఐ.టి. ఆచార్యులు ఆర్. బాలసుబ్రమణ్యం 2000 సంవత్సరంలో ప్రకటించిన పరిశోధనలో వివరించారు. మన డబ్బాలోని మందు చేసేదీ ఆ జాతి పనే, అంత గొప్పగా కాకపోయినా. భాస్వరం అన్నాను గదా అని సూపరు ఫాస్ఫేటు తెచ్చి చక్రానికి రుద్దకండి, అది ఇనుమును తింటుంది!

టానికు ఆమ్లంతో చేసిన మందులూ ఉన్నవి. అవి పూస్తే తుప్పు నల్లబడుతుంది. కరక్కాయ, అన్నభేది కలిపి పూర్వం సిరా చేసినవారికి ఈ నలుపు కొత్త కాదు. కరక్కాయలోని వగరే ఇనుముతో కలిసి నల్లబారుతుంది. అయితే ఇంట్లో కాచిన కరక్కాయ కషాయం దుకాణపు మందుకు సాటి రాదు. ఏ మందైనా డబ్బా మీద వ్రాసినట్లు వాడవలెను. కొన్నిటిని కడగవలెను, కొన్నిటిని కడగరాదు. చేతికి తొడుగులు, కంటికి అద్దాలు తప్పనిసరి. ఈ మందులు పలుచని తుప్పుకే పని చేస్తాయి. పెచ్చుల మీద పోస్తే పైపొర మాత్రం మారుతుంది, అడుగు తుప్పు అట్లే ఉంటుంది.

తోమి ఆరబెట్టిన ఇనుమును రాత్రికి వదిలివేయరాదు. తెల్లవారేసరికి మంచుకు మళ్లీ ఎర్రబారుతుంది. ఉదయం తోమితే ఆ పూటనే మొదటి పూత పడవలెను. మందు పూసినట్లయితే అది ఆరడానికి డబ్బా మీద చెప్పిన గడువు దాటగానే పూత వేయండి. అందువలన ఒక రోజుకు ఒకటి రెండు రిమ్ములే చేపట్టండి, నాలుగూ ఒకేసారి విప్పుకొని కూర్చోవద్దు.

మొదటి పూతకు మనవారు వాడేది ఎర్రని రెడ్ ఆక్సైడు. ఈ ఎర్రని పొడి కూడ ఇనుము ఆక్సైడే, తుప్పు జాతిదే. అది తుప్పుకు మందు కాదు, అడ్డుతెర మాత్రమే. పైన రంగు వేయకుండ రెడ్ ఆక్సైడుతోనే బండిని వానాకాలంలోకి దింపితే ఆ తెర గుండా తేమ పోతుంది. జింకు ఫాస్ఫేటు కలిసిన ప్రైమరు దొరికితే అది మేలు. ఎరువులూ ఉప్పునీరూ తగిలే చక్రాలకు రెండు డబ్బాలు కలిపి వాడే ఎపాక్సీ ప్రైమరు ఇంకా మేలు, ఖర్చు ఎక్కువ. పూర్వం సిందూరం కలిపిన ప్రైమరు వాడేవారు. అది సీసమే గనుక ఇప్పుడు వాడవద్దు.

రంగుకు పదును అంచుల మీద నిలువని గుణం ఉన్నది. ఆరేటప్పుడు అంచు నుండి వెనుకకు లాగుకొని అక్కడ పలుచబడుతుంది. తుప్పు ఎప్పుడూ అంచుల వద్ద, వెల్డింగు గీతల వద్ద మొదలగుటకు ఇదొక కారణం. కావున ముందు చిన్న బ్రష్షుతో అంచులకు, గీతలకు, వాల్వు రంధ్రానికి ఒక పూత వేసి, ఆ తరువాత మొత్తం రిమ్ముకు వేయవలెను. ప్రైమరు ఆరిన తరువాత ఎనామెల్ రంగు రెండు పలుచని పూతలు. మందంగా ఒక్క పూత వేస్తే పైన తోలు కట్టి లోపల పచ్చిగా ఉండి, టైరు ఎక్కించేటప్పుడు లీవరుకు ముద్దగా లేచివస్తుంది. రోహిణీకార్తె నడిమధ్యాహ్నం ఇనుము చేయి పెట్టలేనంత కాలుతుంది, అప్పుడు వేసిన రంగు బుడగలు వస్తుంది. మంచు విడిచిన తరువాత ఉదయం గాని, ఎండ వాలిన తరువాత గాని వేయండి. థిన్నరు వద్ద బీడీ, గ్రైండరు రవ్వ రెండూ నిప్పే.

రంగు వేయకూడని చోట్లు కూడ ఉన్నవి. డిస్కు హబ్బుకు ఆనుకునే ముఖం, నట్టు కూర్చుండే గుంట, బోల్టుల మరలు. వీటి మీద రంగు మందంగా ఉంటే నట్టు మొదట గట్టిగా బిగిసినట్లే ఉంటుంది. బండి తిరిగిన కొలదీ మధ్యలోని రంగు నలిగి పలుచబడుతుంది, బిగువు పోతుంది, నట్టు వదులవుతుంది. అందంగా రంగు వేసిన చక్రం ఊడిపోవడానికి ఇదొక కారణం. రంగు వేసేటప్పుడు ఈ చోట్లకు కాగితం అంటించండి. తుప్పు రాకుండ పలుచని ప్రైమరు తుడిచినట్లు పూస్తే చాలును.

ఇక షాపు పని ఎవరికి అవసరం? లోతుగా గుంటలు పడినా ఇంకా గట్టిగా ఉన్న రిమ్ములకూ, నాలుగైదు బండ్లు కలవారికీ, ఉప్పునీటి ప్రాంతం వారికీ అది లాభం. షాపులో గాలి వేగంతో రవ్వను రిమ్ము మీదికి కొట్టి తుప్పును వదిలిస్తారు. బ్రష్షు చేరని గుంట అడుగు కూడ బూడిద రంగు ఇనుముగా తేలుతుంది. ఏ రవ్వ వాడుతున్నారో అడగండి. నది ఇసుకతో కొట్టే చోట ఆ ధూళి పీల్చిన పనివానికి సిలికోసిసు అనే మానని ఊపిరితిత్తుల జబ్బు వస్తుంది. బ్రిటనులో 1949 నాటి నిబంధనలలోనే పోతపోసిన ఇనుప వస్తువులు మొదలైన వాటిని శుభ్రం చేయడానికి ఇసుక వాడకాన్ని నిషేధించారు. ఉక్కు రవ్వ గాని, గార్నెటు గాని వాడే షాపు మేలు. గార్నెటు మన శ్రీకాకుళం, విశాఖ తీరాల ఇసుకలోనూ ఉన్న ఖనిజమే. మీ ఇంటి గాలి యంత్రానికి ఇసుక తగిలించి ఈ పని మీరే చేయాలని చూడకండి.

పిదప వేసేది పౌడరు పూత. పొడి రంగును విద్యుత్తు సాయంతో ఇనుముకు అంటించి, సుమారు 180 నుండి 200 డిగ్రీల వేడి పొయ్యిలో కాల్చుతారు. పూత గట్టిగా, సమంగా ఉంటుంది. దీనికీ ఒక లోపమున్నది. రాయి తగిలి ఒకచోట పెచ్చు ఊడితే తేమ ఆ అంచు నుండి పూత కింద పాకుతుంది, పైకి కనపడదు. కావున పెచ్చు ఊడిన చోట వెంటనే రంగు తాకించవలెను. షాపుకు ఇచ్చేటప్పుడు టైరు, ట్యూబు, వాల్వు, బేరింగులు తీసి ఇవ్వండి. తుప్పు తీసిన తరువాత, పూత వేయకముందు ఒకసారి పిలువమని చెప్పండి. పగుళ్లు బయటపడేది అప్పుడే. పూత పడిన తరువాత వాటిని ఎవరూ చూడలేరు. ఈ ఒక్క షరతుకు ఒప్పుకోని షాపుకు పని ఇవ్వకండి. కార్లకు కొట్టే రెండు డబ్బాల పాలీయురిథేను రంగు ఆవిరిలో ఐసోసయనేటు ఉంటుంది, అది ఉబ్బసం తెప్పించగలదు. ఆ రంగును ఇంట్లో స్ప్రే చేయరాదు.

మీలో కార్లున్నవారు కూడ ఉన్నారు. కారుకు మామూలు ఇనుప చక్రాలైతే ఇప్పటిదాకా చెప్పినదే వర్తిస్తుంది. మెరిసే అలాయి చక్రాలు అల్యూమినియంతో చేసినవి. వాటికి ఎర్ర తుప్పు పట్టదు, తెల్లని పొడి పడుతుంది. వాటిని ఇనుప బ్రష్షుతో తోమరాదు, ఇనుము కోసం చేసిన తుప్పు మందులు పోయరాదు. వాటిని తెలిసిన షాపుకే ఇవ్వండి.

దమ్ము చక్రాల సంగతి వేరు. వాటికి టైరు లేదు, వేసిన రంగు మొదటి మడిలోనే బురద రాపిడికి పోతుంది. కొత్తవి చేయించేవారు వాటిని వేడి జింకులో ముంచి గాల్వనైజు చేయించడం గూర్చి ఆలోచించండి. సుమారు 450 డిగ్రీల జింకులో ముంచుతారు. పూత గీచుకొనిపోయిన చోట కూడ చుట్టూ ఉన్న జింకు తాను కరిగి ఇనుమును కాపాడుతుంది. గొట్టాలతో చేసిన చక్రమైతే గొట్టాలకు గాలి రంధ్రాలు పెట్టించవలెను. మూసిన గొట్టం ఆ వేడికి పేలగలదు. జింకు పూసిన తరువాత దానికి వెల్డింగు పెడితే వచ్చే పొగ పీల్చరాదు, జ్వరం తెస్తుంది. పాత దమ్ము చక్రాలకు కడిగి, ఆరబెట్టి, చిక్కని నూనె రాసి, నేలకు తగలకుండ దిమ్మెల మీద ఉంచడమే చౌకైన రక్ష.

రంగు పూర్తిగా గట్టిపడిన తరువాతనే టైరు ఎక్కించండి. ఎనామెల్ రంగుకు కొద్ది రోజులు పడుతుంది. బీడు జారడానికి సబ్బునీరు గాని, టైరు షాపు లేపనం గాని రాయవలెను. గ్రీజు, ఇంజను నూనె రబ్బరును పాడు చేస్తాయి. రిమ్ముకూ ట్యూబుకూ మధ్య ఉండే పట్టీ చిరిగి ఉంటే మార్చండి. ట్రాక్టరు టైరు బీడు కూర్చోవడానికి 35 పౌన్లకు మించి గాలి కొట్టరాదు. అంతలో కూర్చోకపోతే గాలి తీసి, మళ్లీ సరిచేసి కొట్టండి. కొట్టేటప్పుడు చక్రానికి ఎదురుగా నిలబడక, పొడుగాటి గొట్టంతో పక్కగా నిలబడండి. కూర్చున్న తరువాత ఆ టైరుకు చెప్పిన గాలికి సరిచేయవలెను.

నట్లను ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా బిగించండి. కొత్తగా రంగు వేసిన చక్రం నట్లు మొదటి గంట పని తరువాత ఒకసారి, ఆ రోజు సాయంత్రం ఒకసారి, ఆ తరువాత వారం దాకా రోజూ చూడవలెను. నీటి పైపుతో కడిగేటప్పుడు హబ్బు సీలు మీదికి నేరుగా కొట్టకండి, బేరింగులోకి నీరు దిగుతుంది.

షెడ్డు వద్ద ఒక పాత ట్రాలీ చక్రాన్ని టైరు విప్పి ఉంచాము. బయట రంగు, లోపల పెచ్చులు రెండూ ఉన్నవి. తీగబ్రష్షు, తుప్పు మందు కూడ సిద్ధంగా ఉన్నవి. కళ్లద్దాలు ఐదే ఉన్నవి గనుక ఐదుగురు చొప్పున రండి. నూనె, సున్నపు పొడి పరీక్షతో మొదలుపెడదాము.